ముందు పొట్టి మొక్కను వెతకండి

టీచర్లకు నమస్కారం. పిల్లలూ, సంకరణం, అంటే రెండు మొక్కలను కలపడం మీద లెక్క ఇవ్వగానే చాలామంది పన్నెట్ చదరం (రెండు మొక్కల జన్యువులు పిల్ల మొక్కల్లో ఎలా కలుస్తాయో చూపే గళ్ల పట్టిక) గీసేస్తారు. అది ఆఖరి పని. ముందు అంతర్గత లక్షణం (జన్యువు రెండు ప్రతులూ దానివే అయితేనే బయటపడేది) ఉన్న మొక్క ఎక్కడుందో చూడండి. బఠాణీలో పొడవుకు క్యాపిటల్ టీ, పొట్టికి స్మాల్ టీ రాస్తాం. పొడవు మొక్క జన్యురూపం, అంటే దాని రెండు అక్షరాల జత, రెండు రకాలుగా ఉండొచ్చు: రెండూ క్యాపిటల్, లేదా ఒకటి క్యాపిటల్, ఒకటి స్మాల్. పొట్టి మొక్కది మాత్రం ఒక్కటే: రెండూ స్మాల్ టీలే.

ఒక లెక్క చూద్దాం. పొడవు మొక్కను పొట్టిదానితో సంకరణం చేస్తే 31 పొడవు, 29 పొట్టి వచ్చాయి. ప్రతి పొట్టి మొక్కకూ ఒక స్మాల్ టీ పొడవు మొక్క నుంచే రావాలి. కాబట్టి పొడవు మొక్క విషమయుగ్మజం, అంటే దాని రెండు అక్షరాలూ వేర్వేరు. చదరం గీయకుండానే జవాబు వచ్చేసింది.

అన్నీ పొడవుగానే వస్తే? అయిదు మొక్కలు చూసి సమయుగ్మజం (రెండూ ఒకే అక్షరం) అనేయకండి. విషమయుగ్మజానికి కూడా అయిదూ పొడవుగా పుట్టే అవకాశం 32లో 1 ఉంది. ఏడు మొక్కలైతే 128లో 1.

ఊదా పువ్వుకు పీ, తెలుపుకు డబ్ల్యూ అని రాయడం తప్పు. అవి ఒకే జన్యువు యుగ్మవికల్పకాలు, అంటే రెండు రూపాలు, అక్షరం ఒకటే ఉండాలి: ఒకటి క్యాపిటల్, ఒకటి స్మాల్. సంయోగబీజంలో, అంటే లైంగిక కణంలో, ఒక్క అక్షరమే రాయండి.

రెండు విషమయుగ్మజాలు కలిస్తే పొడవు, పొట్టి 3:1 నిష్పత్తిలో వస్తాయన్న విషయంలో ఎక్కువమంది పొరబడతారు. బఠాణీలతో ఈ నియమాలు కనిపెట్టిన మెండెల్‌కు రెండో తరంలో వచ్చినవి 787 పొడవు, 277 పొట్టి, అంటే 2.84:1. నాలుగే గింజలు నాటితే సరిగ్గా మూడు పొడవు, ఒకటి పొట్టి వచ్చే అవకాశం 64లో 27, సగం కూడా కాదు. ఆ తరంలోని పొడవు మొక్కల్లో విషమయుగ్మజాలు ఎన్నో వంతు అంటే సగం అని రాస్తారు. పొట్టివాటిని పక్కన పెట్టాం కదా, మిగిలిన మూడు వంతుల్లో రెండు.

ఈ లెక్క మన అన్నం దాకా వచ్చింది. 2008లో విడుదలైన ఇంప్రూవ్డ్ సాంబ మసూరిని హబ్సిగూడలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ కలిసి రూపొందించాయి. బాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువులు అందులో ఉన్నాయి. ఎక్స్‌ఏ 21 బహిర్గతం, ఒక్క ప్రతి ఉన్నా ప్రభావం కనిపిస్తుంది. ఎక్స్‌ఏ 5, ఎక్స్‌ఏ 13 అంతర్గతం. సాంబ మసూరితో బ్యాక్‌క్రాస్ చేసిన (సంకర మొక్కను మళ్లీ సాంబ మసూరితోనే కలిపిన) ప్రతిసారీ సగం మొక్కల్లో ఎక్స్‌ఏ 5 ఒక్క ప్రతిగా ఉంటుంది, కానీ దాని ప్రభావం ఒక్కదానిలోనూ కనిపించదు. తెగులు సోకించి చూసినా దాన్ని పట్టుకోలేం. అందుకే డీఎన్‌ఏ మార్కర్లు (జన్యువు ఉందో లేదో డీఎన్‌ఏలోనే చూపే గుర్తులు) వాడారు.

మూడు జన్యువులూ వేర్వేరు క్రోమోజోముల మీద ఉన్నాయి. కాబట్టి బ్యాక్‌క్రాస్‌లో మూడూ దొరికేది ఎనిమిదింట ఒక మొక్కలో. ఆ మొక్కను స్వపరాగ సంపర్కం చేస్తే మూడింటికీ సమయుగ్మజమైన మొక్కలు 64లో ఎన్ని వస్తాయో ఇప్పుడు మీ నోటుబుక్కుల్లో చేయండి. ఒక్కో జన్యువుకు విడిగా లెక్కవేసి, తర్వాత గుణించండి.