సియెనా, అస్సీసీ, ఓర్వియేటో: సెంట్రల్ ఇటలీ కల్చరల్ టూర్‌కి డబ్బులు పెట్టొచ్చా?

నమస్తే అండీ. ఇటలీ అంటే వెనిస్‌లో పడవ, పీసా టవర్‌కి చెయ్యి అడ్డం పెట్టి ఓ ఫొటో అనుకునేవాళ్లకి ఈ వీడియో పెద్దగా పనికిరాదు. ఇది టస్కనీ, ఉంబ్రియా కొండల మీదున్న పాత ఊళ్లని గైడ్‌తో తిరిగే టూర్ గురించి. మార్కులు ముందే వేసేస్తున్నా: గైడ్లకి పదికి తొమ్మిది, టైం ప్లానింగ్‌కి పదికి ఐదు. ఎందుకంటారా, ఊరూరా చెప్పుకుంటూ పోదాం.

కంపెనీ పేరు చెప్పను, కామెంట్లలో అడగొద్దు. ఈ రూట్‌లో టూర్లు నడిపేవాళ్లు చాలామందే ఉన్నారు. ఫ్లోరెన్స్‌లో ఎక్కించుకుంటారు, రోమ్‌లో దింపుతారు, మధ్యలో ఊళ్లు దాదాపు అవే. కాబట్టి మీరు ఎవరి దగ్గర బుక్ చేసుకున్నా ఇదంతా వర్తిస్తుంది. మేం చేరింది రకరకాల దేశాలవాళ్లు కలిసిన చిన్న గుంపులో, మాటలన్నీ ఇంగ్లీషులోనే. నేనూ మా అమ్మా వెళ్లాం. అమ్మకి మోకాళ్ల నొప్పులు. ఇంట్లో పెద్దవాళ్లని తీసుకెళ్దామనుకునేవాళ్లు అందుకోసమైనా చివరిదాకా చూడండి.

ముందు ఒక సంగతి. బస్సులో మనతోపాటు తిరిగే టూర్ లీడర్ వేరు, ఊళ్లో చూపించే గైడ్ వేరు. లీడర్ పని హోటల్ గదులు, టికెట్లు, తప్పిపోయినవాళ్లని వెతకడం. ఇటలీలో గైడ్‌గా పని చెయ్యాలంటే లైసెన్స్ ఉండాలి. కాబట్టి ఊరి గేటు దగ్గర మనకోసం నిలబడి ఉండేది వేరే మనిషి, ఎక్కువగా ఆ ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఉండేవాళ్లు. మన చెవికి ఓ చిన్న రిసీవర్ తగిలిస్తారు, వాళ్లు మైకులో మెల్లగా మాట్లాడితే చాలు. ఒక సందు వెనకబడితే మాత్రం గరగరమని చప్పుడు తప్ప ఏమీ వినపడదు.

ఇక సియెనా. టూర్‌కి పెట్టిన డబ్బుల్లో సగం నాకు ఇక్కడే వసూలైపోయింది.

ఊరి మధ్యలో పియాజ్జా దెల్ కాంపో అని పెద్ద చౌకు. ఎర్ర ఇటుక పరిచి, గవ్వ ఆకారంలో, ఒక పక్కకి వాలుగా దిగుతూ ఉంటుంది. లేతరంగు రాతి గీతలు దాన్ని తొమ్మిది భాగాలు చేస్తాయి. 1287 నుంచి 1355 దాకా సియెనాని ఏలింది తొమ్మిదిమంది సభ్యుల మండలి, ఆ తొమ్మిదికి గుర్తు ఈ తొమ్మిది. జనం ఆ వాలు మీద వెల్లకిలా పడుకుని ఎండ కాచుకుంటూ ఉంటారు. దిగువన ఉన్నది పలాజ్జో పుబ్లికో, అంటే వాళ్ల నగర పాలక భవనం. లోపల ఆ తొమ్మిదిమంది కూర్చుని నిర్ణయాలు తీసుకున్న గది ఉంది. దాని గోడల మీద 1338, 39లలో అంబ్రోజో లొరెంజెట్టి అనే చిత్రకారుడు మంచి పాలన, చెడ్డ పాలన అని బొమ్మలు వేశాడు. చర్చికి కాదు, దేవుడి కథా కాదు. ఏలేవాళ్లు తలెత్తితే కనపడాలని వేసినవి.

ఆ గదిలోకి వెళ్లగానే ఏమీ అర్థం కాదు. గోడ నిండా మనుషులు. మా గైడ్ తెలివైన పని చేసింది. "ఒక తాడు ఉంది, అది ఎక్కడ మొదలైందో వెతకండి" అంది. అందరం కళ్లు చికిలించి వెతికాం. న్యాయదేవత తక్కెడ దగ్గర మొదలవుతుంది. రెండు పళ్లాల నుంచి రెండు తాళ్లు కిందికి దిగుతాయి. కింద కూర్చున్న ఇంకొకావిడ, సామరస్యం అనుకోండి, ఆ రెండింటినీ కలిపి పక్కనున్న పౌరులకి అందిస్తుంది. 24 మంది పౌరులు వరసగా దాన్ని పట్టుకుని నడుస్తుంటారు. ఎవరూ వాళ్లని కట్టెయ్యలేదు, వాళ్లే పట్టుకున్నారు. సామరస్యం ఒళ్లో వడ్రంగి చిత్రిక ఉంటుంది, ఎగుడుదిగుళ్లు చదును చెయ్యడానికి. అమ్మ అది చూసి "మన మున్సిపాలిటీకి ఒకటి పంపించాలి" అంది, పెద్దగానే. మిగతావాళ్లకి తెలుగు రాదు కాబట్టి సరిపోయింది.

పక్క గోడ మీద మంచి పాలనలో ఊరెలా ఉంటుందో వేశాడు. ఇల్లు కడుతున్న తాపీవాళ్లు, చెప్పుల కొట్టు, చేతులు పట్టుకుని నాట్యం చేసేవాళ్లు, గేటు బయట పందిని తోలుకొస్తున్న రైతు. అంతా హాయిగా ఉందనుకునేలోపు పైన గాల్లో ఎగురుతూ భద్రత అనే ఆవిడ కనపడుతుంది. ఒక చేతిలో శాసనం, రెండో చేతిలో ఉరికొయ్య, దానికి మనిషి వేలాడుతున్నాడు! ఎదురు గోడ మీద కొమ్ములున్న నిరంకుశుడు, పాడుబడ్డ ఊరు. ఆ చెడ్డ పాలన గోడే ఎక్కువగా పెచ్చులూడిపోయింది. గైడ్ లేకుండా అయితే ఈ గదిలో ఐదు నిమిషాలు ఉండి బయటికొచ్చేసేవాళ్లం. ఒక్క మాట: ఈ మధ్య ఏళ్లలో అక్కడ పునరుద్ధరణ పనులు జరిగాయి, వెళ్లే ముందు ఆ గది తెరిచి ఉందో లేదో కనుక్కోండి.

సియెనాలో ఇంకోటి చూడాలి. కేథడ్రల్ పక్కన ఒక పెద్ద గోడ ఒంటరిగా నిలబడి ఉంటుంది, వెనక కప్పు లేదు, ఏమీ లేదు. అప్పటికే ఉన్న పెద్ద చర్చి చాలదని, దాన్ని అడ్డ భాగంగా మార్చేసి ఇంకా పెద్దది కడదామని 1339లో మొదలుపెట్టారు. 1348లో ప్లేగు వచ్చి ఊళ్లో చాలామంది పోయారు. లొరెంజెట్టి కూడా అందులోనే పోయాడని అంటారు. కట్టడం ఆగిపోయింది, ఆ గోడ అలాగే మిగిలిపోయింది. లోపలి నుంచి మెట్లెక్కి పైకి వెళ్తే ఊరంతా కనపడుతుంది. మెట్లు ఇరుకు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కిందే ఉండటం మంచిది. చర్చి నేల నిండా పాలరాతి బొమ్మలున్నాయి, ఏడాదిలో ఎక్కువ నెలలు వాటిని కప్పి ఉంచుతారు. అవి కావాలంటే వేసవి తర్వాత తేదీలు చూసుకోండి.

జులై 2, ఆగస్టు 16 తేదీలకి మాత్రం సియెనా టూర్ పెట్టుకోవద్దు. ఆ రెండు రోజులూ చౌకులో పాలియో, గుర్రప్పందెం. 17 పేటల్లోంచి పది పేటలు పోటీ పడతాయి, మూడు చుట్లు, నిమిషంన్నరలోపే అయిపోతుంది. రౌతు కిందపడినా గుర్రం ఒక్కటే ముందొస్తే గెలిచినట్టే. పందెం ముందు గుర్రాన్ని చర్చిలోకి తీసుకెళ్లి దీవెన ఇప్పిస్తారు. వినడానికి బ్రహ్మాండంగా ఉంది కదా, కానీ అది ఊరివాళ్ల పండగ. టూర్ గుంపుతో వెళ్తే జనం వీపులు తప్ప ఇంకేం కనపడవు.

సాన్ జిమిన్యానో దగ్గర నాకు చిర్రెత్తింది. ఒకప్పుడు 72 టవర్లు ఉండేవని చెప్పే ఊరు, ఇప్పుడు ఓ పద్నాలుగు మిగిలాయి. ఎవరి టవర్ ఎత్తు అని డబ్బున్న కుటుంబాలు పంతాలకు పోయి కట్టినవి. అంత ఊరికి మాకిచ్చింది గంట చిల్లర. ఐస్‌క్రీమ్ క్యూలోనే సగం పోయింది. దారిలో ఆలివ్ నూనె అమ్మే షాపు దగ్గర మాత్రం ఎంతసేపైనా ఆపారు. కమీషన్ ఉంటుందని చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది. పియెంజా కూడా అంతే, దిగడం, ఎక్కడం. పోప్ రెండో పయస్ తను పుట్టిన పల్లెని 1459 నుంచి ఒక కొత్త నగరంగా కట్టించిన చోటు అది. గొర్రెపాల చీజ్ వాసనతో వీధులన్నీ నిండిపోయి ఉంటాయి, చీజ్ కొనుక్కుని వచ్చేశాం.

అస్సీసీ దగ్గర అమ్మ ఒక్క ముక్కలో తేల్చేసింది: "తిరుపతే ఇది. కొండ, క్యూ, బయట బొమ్మల కొట్లు." నిజమే. ఈ ఊరికి పేరు తెచ్చిన క్రైస్తవ సన్యాసి సెయింట్ ఫ్రాన్సిస్ 1226లో చనిపోయాడు, 1228లోనే ఈ బసిలికా, అంటే పెద్ద చర్చి, మొదలుపెట్టారు. ఒకదాని మీద ఒకటి రెండు చర్చిలు, అడుగున ఆయన సమాధి. కింది చర్చి చీకటిగా, నీలం, బంగారు రంగులతో. పై చర్చిలో వెలుతురు, గోడల చుట్టూ ఆయన జీవితం 28 బొమ్మల్లో. అవి జొట్టో అనే చిత్రకారుడు వేశాడా, వేరేవాళ్లు వేశారా అని పండితులు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. పిట్టలకి ఉపదేశం చేసే బొమ్మ దగ్గర మాత్రం ఎవరు వేశారన్నది ఎవరికీ పట్టదు, అందరూ అక్కడే ఆగుతారు.

గైడ్ మమ్మల్ని పై చర్చిలో తలెత్తి చూడమంది. కప్పులో ఒకచోట బొమ్మ మధ్యలో పెద్ద ఖాళీలు. 1997 సెప్టెంబర్ 26న రాత్రి ఒక భూకంపం వచ్చింది. తెల్లారి నష్టం ఎంతో చూడ్డానికి లోపలికి వెళ్లినప్పుడు రెండోది వచ్చింది. కప్పు కూలి ఇద్దరు సన్యాసులు, ఇద్దరు ఇంజనీరింగ్ సిబ్బంది చనిపోయారు. బొమ్మలు వేలాది ముక్కలయ్యాయి. వాటిని ఏరి, జల్లించి, రంగు చూసి ఏళ్ల తరబడి అతికించారు. దొరకని చోట కొత్త బొమ్మ వెయ్యకుండా ఖాళీగానే వదిలేశారు. నాకు అది చాలా నచ్చింది.

అస్సీసీ లోపల ఫొటోలు తియ్యనివ్వరు, అందుకే మీకు చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. చీర, చుడీదార్ వాళ్లకి దిగుల్లేదు, షార్ట్స్‌లో వచ్చిన మగవాళ్లే ఇబ్బంది పడ్డారు. 2026కి ఫ్రాన్సిస్ పోయి 800 ఏళ్లు, దానికితోడు 2025 సెప్టెంబర్‌లో సెయింట్‌గా ప్రకటించిన కార్లో అకూతిస్ సమాధి కూడా ఈ ఊళ్లోనే ఉంది. జీన్స్, స్నీకర్లతో పడుకోబెట్టిన కుర్రాడు. అక్కడ క్యూ అంతా కాలేజీ పిల్లలే. రద్దీకి సిద్ధపడే వెళ్లండి.

పెరూజియా గురించి ఎవరూ ఎక్కువ చెప్పరు, నేను చెప్తా. బస్సు కింద ఆగుతుంది, ఎస్కలేటర్లు ఎక్కి ఊళ్లోకి వెళ్లాలి. ఆ ఎస్కలేటర్లు వెళ్లేది భూమి కింద ఉన్న పాత వీధుల్లోంచి! 1540లో ఉప్పు పన్ను మీద ఊరు తిరగబడితే పోప్ మూడో పాల్ అణిచేశాడు. ఎదిరించిన కుటుంబం ఇళ్లు, వీధులు అన్నింటి మీదా కప్పు వేసి పైన కోట కట్టించాడు. 1860 తర్వాత జనం కోటని పగలగొట్టేశారు, కింద ఉన్న వీధులు మిగిలాయి. ఇటుక గోడలు, తలుపులు, సందు మలుపులు, పైన ఆకాశం మాత్రం లేదు. ఇక్కడి రొట్టెలో ఉప్పు ఉండదు, ఆ పన్ను వల్లే మానేశామంటారు. కథగా వినండి. పక్కనే టస్కనీలోనూ రొట్టె చప్పిడిదే మరి.

ఆఖరిది ఓర్వియేటో. నల్లటి, తెల్లటి రాతి చారల కేథడ్రల్, 1290లో మొదలైంది. లోపల ఒక చాపెల్‌లో, అంటే పక్క ప్రార్థన గదిలో, లూకా సిన్యొరెల్లి వేసిన బొమ్మలున్నాయి. దొంగ క్రీస్తు జనానికి ప్రసంగం చేస్తుంటాడు, చెవి దగ్గర సైతాను గుసగుసలాడుతుంటాడు. దొంగ క్రీస్తు బట్టలోంచి బయటికొచ్చిన ఒక చెయ్యి ఎవరిదో దగ్గరగా చూసినా తెలీదు. ప్రసంగం చేసేవాడిదా, వెనక నుంచి సైతాను దూర్చిందా? మా గుంపులో దీని మీద భోజనం దాకా వాదన నడిచింది.

ఆ ఊళ్లోనే పోప్ ఏడో క్లెమెంట్ 1527లో రోమ్ దోపిడీ తర్వాత వచ్చి తలదాచుకున్నాడు. ముట్టడి జరిగితే నీళ్లుండాలని ఒక బావి తవ్వించాడు. లోతు 50 మీటర్ల పైనే. చుట్టూ రెండు మెట్ల దారులు మెలికలు తిరుగుతూ దిగుతాయి, దిగే గాడిద, ఎక్కే గాడిద ఎక్కడా ఎదురుపడవు. 248 మెట్లు, వెడల్పుగా, పల్లంగా ఉంటాయి. అయినా అమ్మని నేను దింపలేదు, కేథడ్రల్ ముందు అరుగు మీద కాఫీతో కూర్చోబెట్టా.

తిండి సంగతి. శాకాహారులు బతికేయొచ్చు. సియెనా వైపు పీచీ అని లావుపాటి చేతి పాస్తా, వెల్లుల్లి టమాటా సాస్‌తో అడగండి. రిబొల్లీతా అంటే బీన్స్, ఆకుకూర, పాత రొట్టె వేసి చేసే చిక్కటి సూప్. కానీ గ్రూప్ డిన్నర్లలో శాకాహారం అంటే వరసగా చీజ్ పాస్తానే పెట్టారు. అక్కడి పార్మెజాన్ చీజ్‌ని దూడ కడుపులోంచి తీసిన రెనెట్‌తో, అంటే పాలు విరగ్గొట్టే పదార్థంతో చేస్తారు, పెకొరీనోని ఎక్కువగా దూడ లేదా గొర్రెపిల్ల రెనెట్‌తో చేస్తారు, పట్టింపు ఉన్నవాళ్లు ముందే చెప్పుకోవాలి. బిల్లులో కొపెర్తో అని మనిషికింత వేస్తారు, అది మోసం కాదు, కూర్చున్నందుకు. హోటల్లో సిటీ టాక్స్ కూడా టూర్ డబ్బుల్లో ఉండకపోవచ్చు, విడిగా కట్టాలి.

హోటళ్లే అసలు తలనొప్పి. బస్సులని పాత ఊళ్లలోకి రానివ్వరు కాబట్టి కోట గోడల బయట, పెద్ద రోడ్డు పక్కన దింపారు. సాయంత్రం అయిదింటికి పగటి గుంపులు వెళ్లిపోయాక ఊరు ఊరిలా ఉండే సమయానికి మేం బస్సులో ఉన్నాం. మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి చాలా చర్చిలు, కొట్లు మూసేస్తారు, సరిగ్గా అప్పుడే మాకు ఫ్రీ టైం.

అందుకని డబ్బులు కట్టే ముందు వాళ్లని మూడు అడగండి. హోటల్ గోడల లోపలా, బయటా? ప్రతి ఊళ్లో లైసెన్స్ ఉన్న స్థానిక గైడ్ ఉన్నారా? షాపింగ్ స్టాప్‌లు ఎన్ని? మూడోదానికి నసిగితే వేరేవాళ్లని చూసుకోండి. నడక రోజంతా ఉంటుంది, రాళ్లు పరిచిన ఎత్తుపల్లాల వీధులు, మడమని గట్టిగా పట్టి ఉంచే బూట్లు తప్పనిసరి. ఏప్రిల్, మే, లేదా సెప్టెంబర్ చివర, అక్టోబర్ బాగుంటుంది.

ఆరెజ్జో అనే ఊరు మా రూట్‌లో లేదు, అది మాత్రం ఘోరం. పియెరో దెల్లా ఫ్రాంచెస్కా అనే చిత్రకారుడు గోడల మీద వేసిన శిలువ కథ అక్కడి సాన్ ఫ్రాంచెస్కో చర్చిలో ఉంది. ఫ్లోరెన్స్ నుంచి రైల్లో గంట, గంటన్నర. టూర్ మొదలయ్యే రోజుకి ఒకరోజు ముందే దిగి, ఆ చర్చి టికెట్ ముందుగా బుక్ చేసుకుని మీ అంతట మీరే వెళ్లొచ్చేయండి.