రేడియో ఆకాశం బొమ్మ ఎలా తయారవుతుందో తెలుసా?

[స్క్రీన్ మీద: నల్లటి ఆకాశం, వేల తెల్ల చుక్కలు]

ఈ చుక్కలు నక్షత్రాలు కాదండీ, దాదాపు అన్నీ గెలాక్సీలే, ఎక్కువ భాగం తమ మధ్యలో ఉన్న బ్లాక్ హోల్ వల్ల రేడియో తరంగాలు వదిలేవి. పుణె దగ్గరున్న రేడియో టెలిస్కోప్ జీఎంఆర్‌టీ 150 మెగాహెర్ట్జ్‌లో చేసిన సర్వే ఇది, పేరు టీజీఎస్ఎస్.

అసలు విషయం ఏంటంటే అక్కడున్న 30 డిష్‌లలో ఏదీ ఇలా ఫొటో తీయదు. ఏ రెండు డిష్‌ల సిగ్నల్స్ కలిపినా ఆ జతకి ఒక కొలత వస్తుంది, మొత్తం 435 జతలు, భూమి తిరిగే కొద్దీ జతల దిశ మారుతూ కొత్త కొలతలు పోగవుతూ ఉంటాయి, వాటన్నిటికీ ఫూరియర్ ట్రాన్స్‌ఫామ్, అంటే ఆ కొలతల్ని బొమ్మగా మార్చే లెక్క, చేస్తేనే బొమ్మ.

[స్క్రీన్ మీద: ఒకే చుక్క, చుట్టూ రింగులు, గీతలు]

మొదట వచ్చేది ఇలా ఉంటుంది, దీన్ని డర్టీ ఇమేజ్ అంటారు. డిష్‌ల మధ్య ఖాళీలున్నాయి కదా, అందుకే ఒక్క చుక్క కూడా ఆకాశమంతా గీతలు పరుస్తుంది. 1974లో హోగ్‌బోమ్ అనే ఖగోళ శాస్త్రవేత్త చెప్పిన క్లీన్ అనే పద్ధతి ఇక్కడ పనికొస్తుంది: అన్నిటికన్నా వెలుగున్న పిక్సెల్ పట్టుకో, ఆ చుక్క పరిచే గీతల నమూనాలో కొంచెం బొమ్మలోంచి తీసెయ్, ఎక్కడ ఎంత తీశావో రాసుకో, మళ్లీ వెతుకు. ఇలా వేలసార్లు చేసి, రాసుకున్నవాటిని చివర్లో శుభ్రమైన చుక్కలుగా తిరిగి పెడతారు. ఎంత సింపుల్ ఆలోచనో చూడండి, నాకైతే ఇప్పటికీ అద్భుతంగానే అనిపిస్తుంది.

కానీ ఇంత తక్కువ ఫ్రీక్వెన్సీలో ఇంకో తలనొప్పి, అయనోస్ఫియర్, అంటే వాతావరణం పైభాగంలో విద్యుదావేశం ఉన్న పొర. దాని వల్ల చుక్కలు అటూ ఇటూ జరుగుతాయి, అదీ ఒక్కో దిశలో ఒక్కోలా. టీజీఎస్ఎస్ డేటా 2010-2012 మధ్యే తీశారు, ఖగోళ శాస్త్రవేత్త హుయిబ్ ఇంటెమా టీమ్ అదే డేటాని దిశల వారీగా సరిచేసే స్పామ్ అనే పద్ధతిలో మళ్లీ ప్రాసెస్ చేసి 2017లో 90 శాతం ఆకాశాన్ని, 6.2 లక్షల సోర్స్‌లని (రేడియో తరంగాలు వదిలే చుక్కల్ని) బయటపెట్టింది. కొత్తగా ఒక్క డిష్ కూడా తిప్పకుండా!

ఈ ఇమేజ్‌లు ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. డీఎస్9 అనే ఖగోళ ఇమేజ్‌లు చూసే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి బాగా వెలిగే సోర్స్ చుట్టూ చూడండి, అక్కడ చువ్వల్లాంటి గీతలు కనిపిస్తే కొత్త జెట్ (బ్లాక్ హోల్ దగ్గర్నుంచి చిమ్మే ధార) దొరికిందని సంబరపడొద్దు, అవి పూర్తిగా పోని గీతలే కావచ్చు, అదే చోటు ఎన్‌వీఎస్ఎస్‌లో కూడా చూడండి, అది 1.4 గిగాహెర్ట్జ్ సర్వే. అక్కడ లేదని వెంటనే కొట్టిపారేయకండి కూడా, వయసైపోయిన రేడియో మేఘాలు కొన్ని తక్కువ ఫ్రీక్వెన్సీలోనే కనిపిస్తాయి, అప్పుడు తక్కువ ఫ్రీక్వెన్సీలోనే చూసే ఇంకో టెలిస్కోప్ లోఫార్ సర్వేలో ఆ చోటు ఉందేమో వెతకండి.