కాంబియానో గేటు ముందు నీనో ఫరీనా కథ

నమస్కారం. టురిన్‌లోని మా ఇంటి నుంచి ఈ ఆదివారం ఉదయం బయలుదేరి, నగరానికి ఆగ్నేయంగా ఉన్న కాంబియానో అనే చిన్న ఊరికి వచ్చాము. నా వెనుక కనిపిస్తున్నది కార్ల రూపకల్పన సంస్థ పినిన్‌ఫరీనా ప్రాంగణం. సెలవు కావడం వలన గేటు మూసి ఉన్నది, కాబట్టి కార్ల పందేల వీరుడు నీనో ఫరీనా పేరిట ఇక్కడ తయారైన కారును మీకు చూపించలేను. అయితే దాని కథ చెప్పడానికి ఇంతకన్నా తగిన చోటు లేదని నా నమ్మకం.

ఇక్కడ చేతిపనితో తయారయ్యే బతిస్తా అనే విద్యుత్ హైపర్‌కారుకు (అంటే అత్యంత శక్తిమంతమైన, వేగవంతమైన కారుకు) నాలుగు మోటార్లు, 120 కిలోవాట్ అవర్ల బ్యాటరీ, 1,900 హార్స్‌పవర్ శక్తి ఉన్నాయి; నిలిచిన చోటు నుంచి గంటకు 100 కిలోమీటర్ల వేగాన్ని 1.86 సెకన్లలో అందుకుంటుంది. దానిలోనే ప్రత్యేకంగా ఐదింటిని నీనో ఫరీనా పేరిట రూపొందించి, 2023లో ఇంగ్లండులోని గుడ్‌వుడ్ కార్ల ఉత్సవంలో ప్రదర్శించారు. ఆ ఎరుపు రంగుకు కూడా ‘రోస్సో నీనో’ అని ఆయన పేరే పెట్టారు. చక్రాలు బంగారు వన్నెవి. తలుపు దగ్గరి ఫలకం మీద, ఒక్కొక్క కారులో ఆయన జీవితంలోని ఒక్కొక్క ఘట్టం ఉంటుంది.

నీనో 1906లో టురిన్‌లోనే పుట్టారు. న్యాయశాస్త్రంలో డాక్టరేట్ పొందిన ఆయన, చేతులు బారుగా చాచి, వెనక్కి వాలి స్టీరింగ్ పట్టుకునే తీరుతో పేరు పొందారు. 1940లో ట్రిపోలీ గ్రాండ్ ప్రీ అనే కార్ల పందెం గెలిచిన తరువాత, మంచి వయసులోని ఏళ్లను యుద్ధం మింగేసింది. నన్ను కదిలించేది ఈ సంగతే. 1950 మే 13న ఇంగ్లండులోని సిల్వర్‌స్టోన్‌లో ఫార్ములా వన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ మొట్టమొదటి పందెం జరిగే నాటికి ఆయనకు 43 ఏళ్లు నిండాయి. బ్రిటన్ రాజు ఆరో జార్జి చూస్తుండగా, సుమారు 350 హార్స్‌పవర్ గల ఆల్ఫా రోమియో 158తో, అందరికన్నా ముందు వరుసలో బయలుదేరి, అత్యంత వేగవంతమైన ల్యాప్ నమోదు చేసి, పందెమూ గెలిచారు. సెప్టెంబరులో ఇటలీలోని మోంజాలో అర్జెంటీనా డ్రైవరు ఫాంజియోను మూడు పాయింట్ల తేడాతో దాటి, తొలి ఫార్ములా వన్ ప్రపంచ విజేత అయ్యారు. అన్ని పందేలలో ప్రాణాలు దక్కించుకున్న ఆ మనిషి, 1966లో ఫ్రెంచి గ్రాండ్ ప్రీ చూడడానికి వెళ్తూ ఆల్ప్స్ పర్వతాల దారిలో కారు ప్రమాదంలో మరణించారు.

కారుకు పేరిచ్చిన బతిస్తా ‘పినిన్’ ఫరీనా ఎవరో కాదు, నీనోకు స్వయానా బాబాయి. 1930లో పినిన్‌ఫరీనా సంస్థను నెలకొల్పింది ఆయనే. బాబాయి పేరు గల కారు అబ్బాయి పేరును కూడా ధరించడం నాకు ఎంతో ముచ్చటగా అనిపిస్తుంది.

మన దేశానికి కూడా ఇందులో చోటున్నది. 2015 చివరలో పినిన్‌ఫరీనాను కొనడానికి మహీంద్రా ఒప్పందం చేసుకున్నది. ఈ కారును తయారుచేసే ఆటోమొబిలి పినిన్‌ఫరీనాను 2018లో ఆ సమూహమే ప్రారంభించింది. జహీరాబాదులో ట్రాక్టర్లు తయారుచేసేదీ మహీంద్రాయే. ఈ గేటు ముందు నిలబడి మా నాన్నగారికి వీడియో కాల్ చేసి సంగతి చెప్పగానే, ఆయన ఫోనును పశువుల పాక వైపు తిప్పి, అక్కడ నిలిపి ఉన్న మా ఎర్ర ట్రాక్టరును చూపించారు.