రేగి వడియం చిరుతిండా, మందా?

(శ్రీకాకుళం స్టూడియో చర్చ. పాల్గొన్నవారు: పోషకాహార నిపుణురాలు, కిడ్నీ వ్యాధుల డాక్టరు, సీతంపేట ఏజెన్సీలో అడవి కాయలు ఎండబెట్టి అమ్మే మహిళా సంఘం సభ్యురాలు.)

యాంకర్: సంక్రాంతి వెళ్ళి నెల కాలేదు. భోగిపళ్ళు పోయగా మిగిలిన రేగుపళ్ళన్నీ మేడల మీద వడియాలై ఎండుతున్నాయి. వాట్సాప్‌లో మాత్రం వీటికి 'అడవి సూపర్ ఫుడ్' అని కొత్త పేరొచ్చింది. షుగర్ తగ్గుతుందట, రక్తం పడుతుందట. అమ్మా, ముందు మీరు చెప్పండి, ఏమేం ఎండబెడతారు?

సంఘం సభ్యురాలు: రేగు, ఉసిరి ఎక్కువ బాబూ. నేరేడు గింజలు కొంచెం. రేగుపళ్ళు గింజతోనే రోట్లో కచ్చాపచ్చాగా దంచి, బెల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర, ఉప్పు కలిపి వడియం పెడతాం. ఉసిరికాయైతే ఉడకేసి తొనలు తీసి ఎండేస్తాం. దాన్నే ఉసిరిక పప్పంటారు, గిరిజన సహకార సంస్థ జీసీసీకి అమ్మేది అదే. పరికి పళ్ళు, కలే పళ్ళు ఎండేదాకా ఎక్కడుంటాయి, చెట్టు దగ్గరే పిల్లలు తినేస్తారు.

యాంకర్: మేడం, ఎండితే బలం పెరుగుతుందా?

పోషకాహార నిపుణురాలు: కొన్ని పెరిగినట్టుంటాయి, ఒకటి పోతుంది. రేగుపండులో 80 శాతం దాకా నీళ్ళే. అవి పోతే పీచు, ఖనిజాలు, చక్కెర అన్నీ ఒక చిన్న ముక్కలోకి చేరతాయి. పచ్చివి పది తింటే చాలనిపిస్తుంది, ఎండువి పది తింటే ఇంకో పది తినాలనిపిస్తుంది. చిక్కు అక్కడే. పోయేది సి విటమిన్. వేడి, గాలి, వెలుతురు మూడూ దానికి పడవు. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం పచ్చి ఉసిరి 100 గ్రాముల్లో సుమారు 250 మిల్లీగ్రాములుంది. పాత పుస్తకాల్లో 600 అని ఉండేది, చాలామంది ఇప్పటికీ ఆ అంకే చెబుతారు. ఆడవాళ్ళకి రోజుకి కావలసింది 65. పచ్చికాయ ఒక్కటి తిన్నా సరిపోతుంది.

సంఘం సభ్యురాలు: మరి మేం ఉడకేస్తున్నాం కదమ్మా!

పోషకాహార నిపుణురాలు: ఉడికిన నీళ్ళలోకి కొంత దిగిపోతుంది. అందుకని మరీ ఎక్కువసేపు ఉంచకండి. ఎర్రటి ఎండకంటే గాలి తగిలే నీడ మంచిది, సోలార్ డ్రయ్యర్ ఉంటే మరీ మంచిది. తారు రోడ్డు మీద మాత్రం వద్దు. చెమ్మ మిగిలితే వానాకాలానికి బూజు పడుతుంది. బూజు పట్టినవి గీకి తినకూడదు, పారెయ్యాలి.

యాంకర్: రక్తం పడుతుందన్న మాట?

పోషకాహార నిపుణురాలు: రేగులో ఐరన్ మరీ ఎక్కువేం లేదు. సాయం ఇంకో రకంగా అందుతుంది. మన చోడి (రాగి) అంబలి, ఆకుకూరల్లో ఉన్న ఐరన్ ఒంటికి పట్టడానికి సి విటమిన్ తోడు కావాలి. అంబలితో పచ్చి ఉసిరి తొక్కు నంజుకుంటే ఆ పని జరుగుతుంది. తినగానే టీ తాగితే మళ్ళీ చెడుతుంది.

యాంకర్: డాక్టరు గారూ, నేరేడు గింజల పొడితో షుగర్ తగ్గుతుందా?

డాక్టర్: ప్రయోగాలు ఎక్కువగా ఎలకల మీద జరిగాయి. మనుషుల మీద జరిగినవి చిన్నవి. పొడి తాగుతున్నాను కదా అని షుగర్ బిళ్ళలు మానేసి, చూపు మసకబారాక వచ్చేవాళ్ళుంటారు. వాళ్ళతోనే నాకు టెన్షన్. వడియంలో బెల్లం ఉందని కూడా గుర్తుండదు.

యాంకర్: ఫోన్ కాల్ ఉంది. చెప్పండి.

కాలర్ (కవిటి నుంచి): నమస్తే సార్. మా నాన్నకి కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ పెరిగిందని తేలింది. ఒంటికి మంచిదని చుట్టాలు ఎండు ఉసిరి, రేగి వడియాలు డబ్బా నిండా పంపారు. పెట్టొచ్చా?

డాక్టర్: మంచి ప్రశ్న. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మీ ఉద్దానంలో ఇది ప్రతి ఇంటికీ పనికొచ్చే మాట. ఎండు పండులో పొటాషియం కూడా దగ్గరపడుతుంది. బెల్లంలోనూ ఉంటుంది. కిడ్నీ బాగుంటే ఎక్కువైంది మూత్రంలో పోతుంది. దెబ్బతింటే రక్తంలో నిలిచి గుండె లయ తప్పిస్తుంది. కొబ్బరి నీళ్ళు వద్దని కొందరికి చెప్పేది అందుకే. చుట్టూ కొబ్బరితోటలున్న ఊళ్ళో ఆ మాట చెప్పడానికి నాకే నోరు రాదు. పైగా వడియంలో ఉప్పు. నాన్నగారి పొటాషియం ఈ మధ్య చూశారా?

కాలర్: లేదు సార్. క్రియాటినినే చూశారు.

డాక్టర్: ముందు అది చేయించండి. రిపోర్టు మీ డాక్టరుకి చూపించేదాకా ఆయనకి పెట్టకండి.

కాలర్: మరి డబ్బా?

డాక్టర్: పిల్లలున్నారుగా, రోజుకి ఒకటో రెండో వాళ్ళకివ్వండి. తిన్నాక నోరు పుక్కిలించమనండి, బెల్లం పళ్ళకి అంటుకుంటుంది.

సంఘం సభ్యురాలు: మరీ చిన్నపిల్లలైతే వద్దు బాబూ. వడియంలో గింజలుంటాయి, గొంతుకి అడ్డం పడతాయి.