చదివినవాడల్లా చనిపోయే పుస్తకం

శ్రోతలకు నమస్కారం.

1978 మార్చిలో ఇటలీలో ఒక ప్రొఫెసర్‌గారికి ఒక సన్యాసిని విషం పెట్టి చంపాలనిపించింది. కంగారు పడకండి, కాగితం మీదే. ఆయన పేరు ఉంబెర్తో ఎకో. బొలోన్యా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పేవాడు, మధ్యయుగాల ఆలోచనలన్నీ ఔపోసన పట్టినవాడు. తన మొదటి నవల ఆ కోరికలోంచే పుట్టిందని తర్వాత తనే రాసుకున్నాడు. 1980లో నవల అచ్చయింది. 1986లో ఫ్రెంచ్ దర్శకుడు జాన్ జాక్ అనో దాన్ని సినిమాగా తీశాడు. పేరు ‘ది నేమ్ ఆఫ్ ది రోజ్’. ఇవాళ ఆ సినిమా గురించి మాట్లాడుకుందాం. మీలో చూడనివాళ్లు చాలామందే ఉంటారు కాబట్టి హంతకుడి పేరు చెప్పను. దేనితో చంపాడో మాత్రం చెప్పక తప్పదు. ఈ సినిమాలో అసలు సంగతి అక్కడే ఉంది.

కథ 1327 నవంబరు చివర్లో జరుగుతుంది. ఇక్కడ ఓరుగల్లు కోట ఢిల్లీ సైన్యం చేతికి చిక్కి అప్పటికి నాలుగేళ్లు. అక్కడ, ఉత్తర ఇటలీ కొండల్లో, మంచు కప్పేసిన ఒక బెనెడిక్టైన్ సన్యాసుల మఠం. ఆ మఠానికి ఇద్దరు వస్తారు. ఒకాయన విలియం ఆఫ్ బాస్కర్‌విల్, ఇంగ్లండుకు చెందిన ఫ్రాన్సిస్కన్ సన్యాసి. వెంట శిష్యుడు ఆడ్సో, ఇంకా మీసాలు రాని కుర్రాడు. షెర్లాక్ హోమ్స్ కథలు చదివినవాళ్లకి బాస్కర్‌విల్ అనగానే ఒక భయంకరమైన కుక్క గుర్తొస్తుంది. ఆ పేరు ఎకో కావాలనే పెట్టాడు. వీళ్లు వచ్చేసరికే మఠంలో ఒక చావు జరిగిపోయింది. పుస్తకాల్లో బొమ్మలు వేసే యువ సన్యాసి వడగళ్ల వాన వెలిశాక బురుజు కింద శవమై దొరికాడు. విషయం తేల్చమని మఠాధిపతి విలియంని బతిమాలుకుంటాడు.

విలియం బుర్ర ఎలా పనిచేస్తుందో సినిమా మొదట్లోనే సరదాగా చూపిస్తారు. ఆడ్సోకి అర్జెంటుగా మరుగుదొడ్డి కావాలి, అడగడానికి మొహమాటం. గురువుగారే అది ఎటుందో చెప్పేస్తాడు. కుర్రాడు తెల్లబోతాడు. ఇందులో మహిమేమీ లేదు. గుమ్మం దగ్గర నిలబడి ఉన్నప్పుడు ఒక సన్యాసి అటు పరుగులాంటి నడకతో వెళ్లడం, తిరిగొచ్చేటప్పుడు నింపాదిగా, తృప్తిగా రావడం ఆయన చూశాడు. అంతే. ఈ వేషం వేసింది షాన్ కానరీ. జేమ్స్ బాండ్‌గా లోకమంతా ఎరిగిన మనిషికి సన్యాసి అంగీ ఏమిటని అప్పట్లో సందేహించినవాళ్లు లేకపోలేదు. ఆ పాత్రకే ఆయనకు బ్రిటన్‌లో బాఫ్టా ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది. శిష్యుడిగా క్రిస్టియన్ స్లేటర్ చేశాడు, అప్పటికి టీనేజీ కుర్రాడు.

చావులు ఒకటితో ఆగవు. గ్రీకు నుంచి అనువాదాలు చేసే సన్యాసి పంది నెత్తురు నింపిన తొట్టిలో తలకిందులుగా కనిపిస్తాడు. మూడోవాడు స్నానాల తొట్టిలో. మఠంలో ముసలి సన్యాసులు బైబిల్లోని ప్రకటన గ్రంథం తిరగేస్తారు. మొదటి బూర ఊదితే వడగళ్లు, రెండో బూరకి నెత్తురు, మూడో బూరకి నీళ్లు. లెక్క సరిపోయింది, సైతాను దిగాడు, లోకాంతం వచ్చేసింది అని అందరికీ వణుకు. విలియం మాత్రం శవాల చేతులు చూస్తాడు. కుడిచేతి వేలి చివర నల్లగా ఉంది. నాలుక కూడా నల్లగా ఉంది.

ఎవరో ఒక పుస్తకం పేజీల అంచులకు విషం పూశారు. పేజీ అంటుకుపోతే మనిషి ఏం చేస్తాడు? వేలు నాలుక మీద పెట్టి తడి చేసుకుని తిప్పుతాడు. ఆసక్తి లేనివాడు నాలుగు పేజీలు తిప్పి పక్కన పెట్టేస్తాడు, బతుకుతాడు. వదలలేక చదువుతూ పోయినవాడు చచ్చిపోతాడు. ఎంత చదివితే అంత విషం. డిటెక్టివ్ కథల్లో ఇంతకన్నా అందమైన, ఇంతకన్నా దుర్మార్గమైన ఆయుధం నాకు తెలిసి లేదు.

పుస్తకం కోసం చంపుకోవడమేమిటి అని మనకి అనిపించవచ్చు. ఆ కాలంలో పుస్తకం అంటే ఏమిటో చూస్తే ఆ మాట అనం. యూరప్‌లో అచ్చుయంత్రం రావడానికి ఇంకా వందేళ్ల పైనే ఉంది. రాసేది ఎక్కువగా చర్మం మీద. గొర్రె, మేక, దూడ చర్మాన్ని సున్నపు నీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, చట్రానికి బిగించి లాగి, నెలవంక ఆకారపు కత్తితో పలచగా గీకేవాళ్లు. పెద్ద సైజు బైబిల్ పూర్తిగా ఒక్కటి రాయాలంటే వందకు పైగా జంతువులు కావాలి. సిరా ఏమో మాచికాయల కషాయంలో అన్నభేది, తుమ్మజిగురు లాంటి బంక కలిపి చేసుకోవాలి. పక్షి ఈకలు చెక్కి కలాలు. ఇవన్నీ సమకూరాక ఒక మనిషి కిటికీ వెలుతురులో కూర్చుని నెలల తరబడి రాయాలి. నిప్పు భయంతో లేఖనశాలలోకి దీపాలు రానిచ్చేవాళ్లు కాదు చాలా చోట్ల, అంటే చలికాలం పగటి పూట ఎంతసేపు వెలుతురుంటే అంతే పని. చర్మం దొరక్కపోతే పాత రాత గీకేసి దాని మీదే కొత్తది రాసేవాళ్లు. సినిమా మొదట్లో టైటిళ్లలో ఇది ఎకో నవలకి అలా గీకి రాసిన ప్రతి అని వేసుకున్నారు. నవలలోది అంతా తీయలేమని దర్శకుడు ముందే ఒప్పుకోవడం అన్నమాట. నాకు ఆ నిజాయితీ నచ్చింది.

ఎన్ని పుస్తకాలుండేవో ఒక లెక్క చెబుతాను. యూరప్‌లో గొప్ప చదువుల కేంద్రమైన పారిస్‌లో సోర్బాన్ కళాశాల 1338లో తన పుస్తకాల జాబితా వేసుకుంటే 1,722 తేలాయి. ఇవాళ మనలో కొందరి ఇళ్లలోనే అంతకన్నా ఎక్కువ ఉంటాయి. కాబట్టి సినిమాలో కనిపించే గ్రంథాలయం, ఆ బురుజు నిండా అంతస్తులంతస్తులుగా ఉన్న గదులు, ఎటు పోతున్నాయో తెలియని మెట్లు, అది చరిత్ర కాదు, కల. నవలలో ఆ చిక్కుదారులన్నీ ఒకే అంతస్తులో ఉంటాయి. సెట్లు వేసిన దాంతే ఫెరెత్తీ దాన్ని నిలువుగా పైకి లేపాడు. ఆడ్సో తన ఉన్ని బట్ట నుంచి దారం లాగి దారి గుర్తు పెట్టుకునే సన్నివేశంలో ఆ నిలువు ఎత్తు ఎంత ఉపయోగపడిందో చూస్తే తెలుస్తుంది. గురువు ఒక మెట్ల మీద, శిష్యుడు ఇంకో మెట్ల మీద, ఒకరి గొంతు ఒకరికి వినిపిస్తుంది, మనిషి అందడు.

విలియం కళ్లద్దాలు కూడా గమనించండి. ఆయన వాటిని బయటికి తీస్తే చుట్టూ ఉన్న సన్యాసులు నోళ్లు తెరుచుకుని చూస్తారు. 1306లో ఫ్లారెన్స్‌లో ఒక మతబోధకుడు, కళ్లద్దాలు చేసే విద్య కనిపెట్టి ఇంకా ఇరవై ఏళ్లు కూడా కాలేదని ప్రసంగంలో చెప్పాడు. అంటే విలియం ముక్కు మీద ఉన్నది ఆ రోజుల్లో సరికొత్త టెక్నాలజీ. నలభై దాటాక చూపు మందగించి పని మానేసే లేఖకుడికి అది ఇంకో ఇరవై ఏళ్ల ఉద్యోగం.

సరే, ఆ విషపు పుస్తకంలో ఏముంది? నవ్వు ఉంది. అరిస్టాటిల్ కావ్యశాస్త్రంలో విషాద నాటకం గురించి రాసిన భాగం మనకి మిగిలింది. హాస్య నాటకం గురించి తర్వాత చెబుతానని ఆయన అందులో మాటిచ్చాడు. ఆ భాగం దొరకలేదు. అది ఈ మఠంలో ఒక్క ప్రతి మిగిలి ఉందని ఎకో ఊహ. హాస్యాన్ని నవరసాల్లో ఒకటిగా పీట వేసి కూర్చోబెట్టిన మనకి దీని కోసం గొడవేమిటో వెంటనే అర్థం కాకపోవచ్చు. బెనెడిక్టైన్ నియమావళిలో సన్యాసి పగలబడి నవ్వకూడదని ఉంది. క్రీస్తు ఏనాడూ నవ్వలేదని వాదించిన పండితులున్నారు. లేఖనశాలలో హోర్హే అనే గుడ్డి ముదుసలి సన్యాసి అదే అంటాడు. నవ్వు మనిషి ముఖాన్ని కోతి ముఖం చేస్తుందంటాడు. కోతులు నవ్వవు, నవ్వేది మనిషొక్కడే అని విలియం జవాబు. నవ్వితే భయం పోతుంది, భయం పోతే దేవుడి అవసరం పోతుందని ఆ ముసలాయన దిగులు. అరిస్టాటిల్ లాంటి వాడే నవ్వొచ్చని శాస్త్రం రాసి ఉంటే ఇక ఎవరు ఆపగలరు? హోర్హే వేషం వేసిన ఫ్యోదర్ షాల్యాపిన్ జూనియర్ రష్యన్ ఒపేరా గాయకుడు షాల్యాపిన్ కొడుకు, సినిమా వచ్చేనాటికి ఎనభై దాటాయి. ఆ తెల్లటి కళ్లు చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. అర్జెంటీనా రచయిత బోర్హెస్ కూడా చూపు పోయాక జాతీయ గ్రంథాలయాన్ని నడిపినవాడే. ఎకో ఈ పాత్రకు ఆ పోలిక కావాలనే పెట్టాడు. ఇంత చెప్పాక హంతకుణ్ని మీరు ఊహించేసి ఉంటే నా పూచీ లేదు. ఊహించినా సినిమాకి నష్టం లేదు.

ముఖాల గురించి ఒక మాట. ఈ సినిమాలో గురుశిష్యులిద్దరూ, కథలో తర్వాత వచ్చే ఒక పల్లె అమ్మాయీ తప్ప అందంగా ఉన్నవాళ్లు లేరు. పళ్లూడినవాళ్లు, గూనివాళ్లు, పాలిపోయిన లావుపాటి చెంపలు. దర్శకుడు వెతికి వెతికి పట్టుకొచ్చాడు. గూనివాడు సాల్వతోరె నాలుగైదు భాషలు కలగాపులగంగా మాట్లాడతాడు. రాన్ పెర్ల్‌మన్ నటన చూసి తీరాలి. లోపలి సన్నివేశాలు చాలావరకు జర్మనీలో ఎబెర్‌బాఖ్ అనే నిజమైన పాత మఠంలో తీశారు. బయటి బురుజూ ప్రాకారాలూ రోమ్ శివార్లలో కట్టిన సెట్టు. నటుల నోట్లోంచి వచ్చే ఆవిరి చూస్తే మనకీ చలి పుడుతుంది.

ఇక ఆ మఠంలో ఒక చర్చాగోష్ఠి జరుగుతుంది. క్రీస్తు తను వేసుకున్న బట్టలకు తనే యజమానా, కాదా? నవ్వకండి, దీని మీద నిజంగా మంటలు లేచాయి. క్రీస్తుకీ ఆయన శిష్యులకీ సొంత ఆస్తి లేదని, పేదరికాన్ని వ్రతంగా పెట్టుకున్న ఫ్రాన్సిస్కన్లు అన్నారు. అలా అనడం మతద్రోహమని పోపు 22వ జాన్ 1323లో ఆజ్ఞ వేశాడు. చర్చి ఆస్తుల మాట ఏమిటన్నది అసలు ప్రశ్న. సినిమా దీన్ని నాలుగు నిమిషాల్లో దాటేసి, దాని బదులు ఒకే ఒక్క దృశ్యం పెట్టింది. మఠం వంటింటి చెత్తను గోడలోని బిలం గుండా కొండ కిందికి దొర్లిస్తారు, కింద పేదలు దాని కోసం కొట్టుకుంటారు. ఆ పేదల్లో ఒక అమ్మాయి తిండి కోసం రాత్రిళ్లు మఠంలోకి వస్తుంది. పండితుల వాదనంతా ఆ బిలం దగ్గర తేలిపోతుంది.

నాకు మింగుడుపడనిది ఒకటుంది. మఠానికి బెర్నార్ గీ అనే మతవిచారణ అధికారి వస్తాడు. ఆడ్సో మనసు పడ్డ ఆ అమ్మాయినీ, సాల్వతోరెనీ, భాండాగారం చూసే సన్యాసినీ కాల్చేయమంటాడు. ఎఫ్. ముర్రే అబ్రహాం చేశాడు, గొంతు పెంచకుండానే భయపెడతాడు. ఈ గీ చరిత్రలో ఉన్న మనిషి. తులూజ్‌లో ఏళ్ల తరబడి విచారణలు నడిపాడు, విచారణ ఎలా చేయాలో ఒక గ్రంథం కూడా రాశాడు. అతని తీర్పుల్లో మరణశిక్షలు తక్కువే, ఎక్కువమందికి చెర, లేదంటే బట్టల మీద పసుపు సిలువ కుట్టుకుని జీవితమంతా జనంలో తిరగడం. నవలలో అతను పని ముగించుకుని, అమ్మాయిని తీసుకుని, విజయగర్వంతో వెళ్లిపోతాడు. సినిమాలో పల్లె జనం తిరగబడి అతని బండిని లోయలోకి తోసేస్తారు, అమ్మాయి బతుకుతుంది. థియేటర్లో చప్పట్లు పడే ఉంటాయి. కానీ అసలు గీ 1331లో, బిషప్ హోదాలో, తన పక్క మీద పోయాడు. రెండు గంటల సేపు అంత నిక్కచ్చిగా చలినీ మురికినీ భయాన్నీ చూపించిన దర్శకుడు, ఆ చివరి పది నిమిషాల్లో మన ముచ్చట తీర్చబోయాడు. అక్కడ మాత్రం నేను నవల పక్షం.

నమస్కారం.