పిల్లాడి మడమలో సూది పొడిపిస్తారా? అసలు దొంగ పిక్కలో ఉన్నాడు!

నమస్తే వైజాగ్! మడమనొప్పి అన్న స్కూలు పిల్లలకి స్టెరాయిడ్ ఇంజక్షన్ వద్దని మొన్నటి వీడియోలో అన్నానా, కోచ్‌లందరూ మీద పడిపోయారు. "సెలెక్షన్స్ నెత్తి మీదున్నాయి, నువ్వొచ్చి ఆడతావా?" అట! నేనెక్కడ ఆడతానండీ, నా మోకాళ్ళు ఎప్పుడో చేతులెత్తేశాయి. అయినా మళ్ళీ అంటున్నా. వద్దంటే వద్దు!

అరికాలి కింద మడమ నుంచి వేళ్ళ మొదళ్ళ దాకా వింటినారిలా ఓ పట్టీ ఉంటుంది, అదే ప్లాంటర్ ఫేషియా. స్టెరాయిడ్ సూదితో అది తెగే ప్రమాదం ఉంది, మడమ కింది కొవ్వు కూడా పలచబడొచ్చు. పెద్దాళ్ళకే అన్నీ అయ్యాక ఆలోచించే సూది, 15 ఏళ్ళ గుంటడికి మొదటి మందా? ఏటండీ ఇది?

అసలు అది ఫేషియా నొప్పేనని ఎవరు తేల్చారు? 8 నుంచి 14 ఏళ్ళ పిల్లల్లో ఎక్కువగా కనబడేది సీవర్స్. మడమ ఎముక ఇంకా ఎదుగుతున్న చోట, వెనకవైపు వచ్చే నొప్పి. 1912లోనే జేమ్స్ సీవర్ అనే డాక్టరు రాసిపెట్టాడు. మడమను రెండు పక్కల నుంచీ నొక్కండి. "అమ్మా" అని కాలు లాక్కున్నాడా, సీవర్స్‌ని అనుమానించండి. అలాకాక పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వెయ్యగానే మడమ అడుగున పొడిచి, కాస్త నడిచాక సర్దుకుందా, అప్పుడు ఫేషియా.

ఏదైనా సరే, నా లెక్కలో దొంగ ఒక్కడే: బిగుసుకుపోయిన పిక్క! అది బిగిస్తే మడమని వెనక నుంచి లాగుతూనే ఉంటుంది. వాడికి తోడుదొంగ, మన స్కూళ్ళ తెల్ల కాన్వాస్ బూటు. ఇప్పుడే తీసి మడవండి. వేళ్ళ దగ్గర వంగాల్సింది నడుమ దగ్గరే వంగిపోయిందా? దాంతోనే బీచ్ రోడ్డు మీద పరుగులు!

ఇంట్లో నాన్నలు ఇంకా ఘనులు. సింహాచలం గిరి ప్రదక్షిణలో 32 కిలోమీటర్లు చెప్పుల్లేకుండా నడిచొచ్చి మడమ పట్టుకు మూలిగే మనిషే, కొడుకు నొప్పంటే "ఆమాత్రానికేనా" అంటాడు. అప్పన్నా, నువ్వే చూడాలి!

చెయ్యాల్సింది రూపాయి ఖర్చులేని పని. మంచం దిగకముందే కాలు మీద కాలేసుకుని, వేళ్ళను చేత్తో వెనక్కి లాగాలి. బొటనవేలితో తడిమితే అరికాలి పట్టీ బిగిసినట్టు తెలియాలి. 10 సెకన్లు ఉంచి వదలాలి, అలా 10 సార్లు. తర్వాత గోడకి చేతులానించి, వెనక కాలి మడమ నేలకి అంటించి పిక్క సాగదియ్యాలి. సాయంత్రం గడ్డకట్టిన నీళ్ళ సీసాకి గుడ్డ చుట్టి అరికాలి కింద దొర్లించండి. బూటులో మడమ కింద మెత్తటి గిన్నెలాంటి హీల్ కప్ వెయ్యండి. పరుగు, గెంతులు తగ్గించి ఈతకి పంపండి. వారంలో పోదు, నెలలు పట్టొచ్చు. ఓపిక పట్టాలి కోచ్‌గారూ!

రాత్రి నిద్రలో లేపే నొప్పి, వాపు, జ్వరం, పొద్దున్నే నడుము కూడా బిగుసుకోవడం, ఇవేవైనా ఉంటే మాత్రం నా వీడియో కట్టేసి ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ఆటోలో అండీ, నడిపించి కాదు!