ఉడుపం తెచ్చిన తంటా

(కడపలో విద్యార్థుల సభలో ఒక విశ్రాంత సంస్కృత అధ్యాపకుడి ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు చదివితే నాకిచ్చిన పది నిమిషాలూ వాటికే సరి. వారు మన్నించాలి.

బ్రౌన్ దొర గురించి చెప్పమన్నారు. 1820లో కడపకు వచ్చారు. పండితులకు జీతాలిచ్చి ప్రతికీ ప్రతికీ పోల్పించి, 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించారు. ఒక్క ప్రతిని నమ్మి ఊరుకోలేదు. మనమో, ఒక్క గైడును నమ్ముతాం.

ఇంగ్లండులో లాటిన్, గ్రీకు చదివే కుర్రవాళ్లూ తక్కువ తినలేదు. లాటిన్ కవి వర్జిల్ పాఠానికి అచ్చయిన అనువాదం డెస్కు కింద దాచుకునేవారు. 1912 నుంచి లోబ్ గ్రంథమాల ఎడమ పేజీలో మూలం, కుడి పేజీలో ఇంగ్లీషు వేసి దాచుకునే శ్రమ తప్పించింది. అనువాదం చూడండి, నేనూ చూస్తాను. చూశానని ఒప్పుకోండి.

ఇక బ్రౌన్‌ను పక్కన పెడతాను. రఘువంశంలో ‘తితీర్షుర్దుస్తరం మోహాదుడుపేనాస్మి సాగరమ్’ అంటాడు కాళిదాసు. దాటరాని సముద్రాన్ని తెలివిమాలి చిన్న తెప్పతో దాటబోతున్నానని. ఉడుపం అంటే తెప్ప. చంద్రుడనే అర్థమూ ఉంది, కానీ ఇక్కడ కాదు.

ఒక ఏడాది ఇంటర్ పేపర్లు దిద్దుతున్నాను. ‘చంద్రుడి సాయంతో సముద్రం దాటగోరుతున్నాను’ అని ఒక పిల్లవాడు రాశాడు. నవ్వుకున్నాను. తర్వాతి పేపర్లోనూ చంద్రుడే. ఆ తర్వాతా చంద్రుడే! పక్కనున్న మాస్టారు “ఏ మహానుభావుడు రాశాడండీ ఆ గైడు!” అని తల కొట్టుకున్నారు.

నేను తల ఎత్తలేదు. రాసింది నేనే. చెల్లెలి పెళ్లి అప్పు తీర్చడానికి, పేరు వేయకూడదన్న షరతుతో, పదకొండు రాత్రుల్లో ముగించాను. నిఘంటువు అలమరలోనే ఉంది. లేచి తీయడానికి బద్ధకించాను.

వెనుక వరుసలో ఫోను చూస్తున్న బాబూ, నీకే చెబుతున్నాను. నువ్వు కాపీ చేసే తాత్పర్యం ఏ అప్పులవాడు నిద్రమత్తులో రాశాడో నీకేం తెలుసు?

చంద్రుళ్లందరికీ పూర్తి మార్కులు వేశాను. కొట్టివేస్తే ఎవరైనా గైడు తెరిచి ఆరా తీస్తారని భయం. ఆ కట్టలోనే గుండ్రని చేతిరాత ఒకటి, అమ్మాయిదే అనుకుంటాను: ‘ఉడుపం అర్థం నాకు తెలియదు. సముద్రం దాటేది కనుక పడవ వంటిదేమో.’

తెలియదని రాసినందుకు ఆమెకు ఒక మార్కు తగ్గించాను.

పేపరు మీద పేరుండదు, ఏ జిల్లా అమ్మాయో తెలియదు. మీరు ఇంటికి వెళ్లి మీ అమ్మలను ఒకసారి అడగండి. ఆ వాక్యం రాసిన గుర్తు ఎవరికైనా ఉంటే నాకు కబురు చేయండి. నేనే వచ్చి కలుస్తాను.